ఎవరో క్యాన్సర్‌కి పసరు ఇస్తారట అన్నప్పుడు ఏం చేయాలి

ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిసిన మూడో రోజుకల్లా ఫోన్లు మొదలవుతాయి. ఉదయగిరి పక్కన ఒకాయన పొడి ఇస్తాడంటారు, కనిగిరి అవతల ఎవరో ఆకు పసరు పోస్తారంటారు, ఎవరి మేనమామకో నాలుగో స్టేజిలో ఉన్నది మూడు నెలల్లో కరిగిపోయిందంటారు. చివర్లో మాత్రం అందరిదీ ఒకటే మాట: "ఒకసారి పోయిరాండబ్బా, పోయేదేముండాది?"

నేను కావలిలో 19 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. డాక్టర్ని కాదు, కానీ ఆ పొట్లాలు చేతిలో పట్టుకుని "ఇది వాడొచ్చా అన్నా" అని అడిగేవాళ్లు ముందు వచ్చేది నా దగ్గరికే. పోయేదేముంది అన్నదానికి కౌంటర్ ఇవతల నుంచి చాలాసార్లు లెక్క చూశాను, మా చిన్నమ్మ విషయంలో ఇంట్లోనే చూశాను. అందుకే ఆ ఫోన్ వచ్చిన రోజు ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాతో రాస్తున్నా.

ముందు జబ్బు పేరు కాగితం మీదికి రానివ్వండి

క్యాన్సర్ అనేది ఒక జబ్బు కాదు, వందకు పైగా జబ్బులకు కలిపి పెట్టిన పేరు. రొమ్ము క్యాన్సర్‌కి చేసే వైద్యం రక్త క్యాన్సర్‌కి పనికిరాదు. రొమ్ములోనే మళ్లీ రకాలున్నాయి, ఒకరికి రోజూ ఒక మాత్ర ఏళ్ల తరబడి సరిపోవచ్చు, ఇంకొకరికి ఆ మాత్ర దండగ. ఏ రకమో తేలాలంటే ముక్క పరీక్ష చేయాలి, అదే బయాప్సీ.

మొదటి పేచీ ఇక్కడే వస్తుంది. "సూది గుచ్చితే, కత్తి తగిలితే పాకిపోద్ది" అని మన పక్క ప్రతి ఇంట్లో ఒకరైనా అంటారు. ఈ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఆలస్యంగా వెళ్లినవాళ్లకి అప్పటికే లోపల పాకి ఉంటుంది, కోశాక ఆ సంగతి బయటపడుతుంది, నింద కత్తి మీద పడుతుంది. సూది వేయకూడని గడ్డలు కొన్ని అరుదుగా ఉంటాయి, అలాంటి చోట డాక్టర్లే వేయరు.

మా చిన్నమ్మ ఆగింది ఇక్కడే. 52 ఏళ్ల మనిషి, ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ. నెల్లూరులో డాక్టరు ముక్క పరీక్ష రాసిచ్చాడు. ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకుని ఇంటికొచ్చింది, ఆ రాత్రి మా బంధువు ఒకాయన "కత్తి పెట్టనీయొద్దు" అన్నాడు, అంతే, ఆ చీటీ మళ్లీ బయటికొచ్చింది ఏడు నెలల తర్వాత.

డాక్టర్ని అడగాల్సినవి రాసుకుని వెళ్లండి

పెద్దాసుపత్రిలో డాక్టరు మీతో నాలుగైదు నిమిషాలు మాట్లాడతాడు, అందులో సగం కంప్యూటర్ వైపు చూస్తూ. నాటు వైద్యుడేమో అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, అరగంట మీ కష్టం వింటాడు. మనవాళ్లు పొడి వైపు మొగ్గడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే, దీన్ని చదువు లేకపోవడం మీదికి తోయడం తప్పు. ఇంజినీర్లూ వెళ్తున్నారు.

కాబట్టి ఆ నాలుగు నిమిషాలు వృథా చేసుకోకండి. చిన్న నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లి అడగండి: ఇది ఏ రకం, ఏ స్టేజి? వైద్యం పూర్తిగా నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా? ఏమీ చేయకపోతే ఏమవుతుంది? వైద్యం మొదలుపెట్టడానికి ఎన్ని రోజులు ఆగొచ్చు? ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు, నా మటుకు ముఖ్యమైనది అదే. కొన్ని గడ్డలకి రెండు మూడు వారాలు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, కొన్ని రక్త క్యాన్సర్లకి రెండు రోజులు కూడా ఉండదు. ఆ అంకె మీ చేతిలో ఉంటే, ఇంట్లో ఎవరు ఎంత వాదించినా ఏ తేదీ దాటకూడదో మీకు తెలుస్తుంది.

రెండో డాక్టర్‌కి చూపించుకోవాలనిపిస్తే చూపించుకోండి, దానికి మొహమాటం వద్దు. బయాప్సీ రిపోర్టే కాదు, స్లైడ్లు, ముక్క ఉంచిన మైనం బ్లాకు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి, రెండో చోట అవే అడుగుతారు. నెల్లూరు వాళ్లు ఎక్కువగా చెన్నై వెళ్తారు, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో ముత్తులక్ష్మి రెడ్డి గారు పెట్టింది, మన జిల్లా తాతల కాలం నుంచి అక్కడికి పోతూనే ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది. ఒంగోలు పైవాళ్లకి గుంటూరు పెద్దాసుపత్రి దగ్గర.

ఇప్పుడు ఆ పొడి ఇచ్చే ఆయన సంగతి

వెళ్లొద్దంటే మీరు ఎలాగూ ఆగరు, ఇంట్లో పెద్దవాళ్లు అసలు ఆగనివ్వరు. వెళ్తే వెళ్లండి గానీ పేషెంట్‌ని తీసుకెళ్లకండి, డబ్బు తీసుకెళ్లకండి. ముందు మీరొక్కరే వెళ్లి అడిగి రండి.

ఇందులో ఏముంది, కాగితం మీద రాసిస్తారా అని అడగండి. "అది మా తాతల రహస్యం" అంటాడు. ఇది ఏ క్యాన్సర్‌కి అని అడగండి. "అన్నిటికీ" అంటాడు, ఆపైన షుగర్‌కీ మొలలకీ కూడా అంటాడు. తగ్గినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అడగండి, ఇవి మాత్రం సంతోషంగా ఇస్తాడు. అసలు పని ఇక్కడుంది: ఆ నంబర్లకి ఫోన్ చేయండి. చిన్నమ్మ విషయం చేయి దాటాక నేను చేశాను. నాలుగు నంబర్లిస్తే ఒకటి కలవలేదు, రెండోది ఆయన బంధువుదే అని మాటల్లో తెలిసిపోయింది, మూడో ఆయన ఒంగోలు దగ్గర మనిషి, నిజంగానే క్యాన్సర్ తగ్గినాయన. ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నారన్నా అని ఊరికే అడిగా. "చెన్నైలో, ఆరు కీమోలు కూడా అయినాయి, ఆ తర్వాత పొడి వాడా" అన్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు పాపం, ఆయన నమ్మకం ఆయనది, కానీ పొడి ఇచ్చినాయన లెక్కలో ఆ ఆరు కీమోలు లేవు. నాలుగో నంబర్‌కి వాళ్లమ్మాయి ఎత్తింది. మనిషి లేడు.

ఆఖరుగా, ఆసుపత్రి మందులు ఆపమంటారా అని అడగండి. ఆపాలి అన్నాడంటే ఇంకేమీ అడగకుండా బండి స్టార్ట్ చేయండి. పేరు పక్కన డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ఆయుర్వేద డాక్టర్లు నాకు తెలిసినవాళ్లున్నారు, వాళ్లు క్యాన్సర్ అనుమానం వస్తే వాళ్లే ఉత్తరం రాసి పెద్దాసుపత్రికి పంపుతారు. తేడా పట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక పరీక్ష లేదు.

పథ్యం గురించి ఒక మాట చెప్పాలి. పొడి ఇచ్చినాయన చిన్నమ్మకి పెట్టిన పథ్యంలో వంకాయ వద్దు, చేప వద్దు, కోడి వద్దు, గుడ్డు వద్దు, చింతపండు అసలు తగలకూడదు. నెల్లూరు జిల్లాలో ఏడు నెలలు చింతపండు తగలకుండా బతికే మనిషి ఉంటాడా? గడ్డ పెరుగుతోందని చెప్పినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే, "పులుపు తగిలిందా?" ఏదో పెళ్లిలో ఒక ముద్ద సాంబారన్నం తిని ఉంటుంది, అవునని తలొంచుకునేది. ఆ పథ్యం పెట్టింది అందుకే అని నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. తగ్గితే మందు గొప్ప, తగ్గకపోతే మీ తప్పు. పైగా వైద్యానికి ఒళ్లు తట్టుకోవాలంటే గుడ్డు, చేప, పప్పు తినాల్సిన రోజుల్లో మనిషిని ఎండబెట్టేశారు.

మరి ఆ పొడి తింటే కొందరికి బాగైనట్టు ఎందుకు ఉంటుంది?

చిన్నమ్మకీ మొదటి రెండు నెలలు బాగానే ఉంది. ఆకలి పుట్టింది, మొహం నిండుగా అయింది, చూసినవాళ్లంతా కళ వచ్చిందన్నారు. నేను షాపులో ఉండి కూడా గుర్తుపట్టలేకపోయాను, ఆ మొహం స్టెరాయిడ్లు వాడినప్పుడు ఉబ్బే మొహంలా ఉందని. పరీక్ష చేయించలేదు కాబట్టి ఆమె పొట్లంలో అదే ఉందని ఒట్టేసి చెప్పలేను, కానీ లేబుల్ లేని నాటు పొడుల్లో స్టెరాయిడ్లు కలపడం మన దేశంలో పదే పదే దొరికిన మోసం. దాంతో ఆకలి పెరుగుతుంది, నొప్పి, వాపు తగ్గుతాయి, గడ్డ తన పని తాను చేసుకుపోతుంది.

ఇంకో కారణం మన అనుభవం. పచ్చకామెర్లకి పసరు వేయించుకుని తగ్గినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, మా నాన్న కూడా. కలుషిత నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. 2021 మే నెలలో కృష్ణపట్నం మందుకి జనం ఎట్లా ఎగబడ్డారో మనం చూశాం, నేనూ మా బామ్మర్దిని పంపించినవాణ్ణే, దాచుకోవడం ఎందుకు. కరోనా కూడా ఎక్కువమందికి దానంతటది తగ్గే జబ్బు. తగ్గే జబ్బులో ఏ మందైనా పనిచేసినట్టే కనిపిస్తుంది. గడ్డ అలాంటిది కాదు, మనం ఎదురుచూసే ప్రతి నెలా అది పెరగడానికే వాడుకుంటుంది.

2018లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ లెక్క తీశారు. ఇంకా దూరం పాకని రొమ్ము, పేగు, ఊపిరితిత్తి, ప్రోస్టేట్ క్యాన్సర్లలో, ఆసుపత్రి వైద్యం వద్దని ప్రత్యామ్నాయ వైద్యమే పట్టుకున్న 281 మందిని, మామూలు వైద్యం తీసుకున్న 560 మందితో పోల్చారు. చనిపోయే ముప్పు మొత్తం మీద రెండున్నర రెట్లు ఎక్కువ, పేగు క్యాన్సర్లో నాలుగు రెట్లు దాటింది, రొమ్ము క్యాన్సర్లో ఐదు రెట్లు దాటింది. పోయేదేముంది అని అడిగినవాళ్లకి నేను చెప్పే అంకె ఆ చివరిది.

వీడియో చూపించి వాదించేవాళ్లతో

ఇక వాట్సాప్. లక్ష్మణఫలం కీమో కంటే పదివేల రెట్లు పవర్ అని వస్తుంది. గాజు పాత్రలో కణాల మీద దాని సారం పోస్తే చచ్చిన మాట నిజమే, బ్లీచింగ్ పౌడర్ పోసినా చస్తాయి, మనిషి ఒంట్లో పనిచేస్తుందని చూపించినవాళ్లు లేరు. దాని ఆకుల కషాయం ఏళ్ల తరబడి తాగే కరీబియన్ దీవుల్లో పార్కిన్సన్ లాంటి నరాల జబ్బుకీ దానికీ సంబంధం ఉందని డాక్టర్లు రాశారు కూడా. పండు తినండి, ఎవరూ వద్దనరు. కషాయం కాచి తాగొద్దు.

నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకు, పంచదార మానేయడం, ఇది ఇంకో రకం. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్యకి ఈ తిండితో క్యాన్సర్ తగ్గిందన్నట్టు మాట్లాడితే, ముంబై టాటా మెమోరియల్‌లో పనిచేసేవాళ్లు, అక్కడ చదివినవాళ్లు 262 మంది క్యాన్సర్ డాక్టర్లు సంతకాలు పెట్టి, దీనికి ఆధారం లేదు, వైద్యం ఆలస్యం చేసుకోవద్దని ప్రకటన ఇచ్చారు. ఆమెకి ఆపరేషన్, కీమో కూడా జరిగాయి. ఫార్వార్డ్ అయిన వీడియోలో ఆ ముక్క ఉండదు.

"మందులన్నీ చెట్లనుంచే కదా వచ్చింది" అంటారు చూడండి, ఆ మాటలో నిజముంది, అందుకే దానికి జవాబు కొంచెం ఓపిగ్గా చెప్పాలి. మన ఇంటి ముందు బిళ్లగన్నేరు మొక్క ఉందే, పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ దాన్నుంచే వచ్చింది. ఒక్క గ్రాము తీయడానికి వందల కిలోల ఎండాకు కావాలి. ఒక పెద్దమనిషికి ఒకసారి ఇచ్చేది రెండు మిల్లీగ్రాములు దాటదు, అదీ నరంలోకే, పొరపాటున బయట కారితే చుట్టూ కండ పాడైపోతుంది. పెరట్లో ఆకు దంచి రసం తాగితే క్యాన్సర్‌కి చాలినంత మందూ ఉండదు, మిగతా విషాలు మాత్రం కడుపులోకి పోతాయి.

పెద్దవాళ్లతో గొడవ పెట్టుకోకండి

ఎగతాళి చేశారంటే వాళ్లు మీకు తెలియకుండా వాడతారు, అది ఇంకా ప్రమాదం. నేను చూసినంతలో పనిచేసే మాట ఇది: "నీ మాట తీసేయడం లేదు నాన్నా, ముందు డాక్టరు చెప్పిన తేదీకి ఇది మొదలుపెడదాం, ఆ పొడి డాక్టర్‌కి చూపించి అడుగుదాం." మొక్కులకి అడ్డు చెప్పకండి. పెంచలకోనకి పోండి, కసుమూరు దర్గాకి పోండి, రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర ఆరోగ్య రొట్టె పట్టుకోండి. మొక్కు లివర్‌ని పాడుచేయదు, కీమో తేదీ మార్చమనదు.

ఇప్పటికే వాడుతూ ఉంటే

చిన్నమ్మకి ఏడో నెలలో చర్మం పగిలి నీరు కారడం మొదలైంది, గడ్డ నిమ్మకాయంత అయింది. ఆసుపత్రిలో మొదట్లో వచ్చి ఉంటే నేరుగా ఆపరేషన్ చేసేవాళ్లమన్నారు, ఇప్పుడు ముందు కీమో ఇచ్చి గడ్డని కుదించాలన్నారు. మొదటి కీమో అయింది. రెండోదానికి వెళ్తే రక్త పరీక్షలో లివర్ అంకెలు, అదే ఎస్‌జీపీటీ, విపరీతంగా పెరిగి ఉన్నాయి, ఇవ్వం, రెండు వారాలాగి రమ్మన్నారు. ఇంటికొచ్చి వెతికితే ఆవాల డబ్బాలో, ఆవాల కింద, న్యూస్‌పేపర్లో చుట్టిన బూడిద రంగు పొట్లాలు పదకొండు. ఎవరం అరవలేదు. ఆమె ఒక్కటే మాటంది, "రెండూ కలిస్తే తొందరగా తగ్గుతుందనుకున్నాను రా."

అందుకే మొహమాటం పడకుండా డాక్టర్‌కి చెప్పండి, ఎప్పటినుంచి, రోజుకి ఎంత, పొట్లంతో సహా చూపించండి. ఒక్కోసారి డాక్టరు కసురుకోవచ్చు, పడండి. లివర్, కిడ్నీ పరీక్షలు చేయమని మీరే అడగండి. కరోనా టైమ్‌లో తిప్పతీగ కషాయం తాగి లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు, తిప్పతీగ అంటే మన కంచె మీద పాకేదే. భస్మాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉండొచ్చు: 2008లో ఇంటర్నెట్‌లో కొన్న ఆయుర్వేద మందుల్ని అమెరికాలో పరీక్షిస్తే ఐదింట ఒకదాంట్లో వీటిలో ఏదో ఒకటి దొరికింది. కళ్లు పచ్చబడితే, మూత్రం ముదురు రంగులో వస్తే, మత్తుగా ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇంకొకటి, నెలల తరబడి వాడిన పొడిలో స్టెరాయిడ్ ఉంటే టక్కున మానేసినా బీపీ పడిపోయి మనిషి కుప్పకూలొచ్చు, కాబట్టి మానేసే రోజునే డాక్టర్ దగ్గర ఉండండి.

డబ్బు, నొప్పి

పొడి చవక అనుకుంటారు. 21 పొట్లాలు 2,500, నెలకి రెండుసార్లు, ఏడు నెలలు, ఆటో ఖర్చు కాక మా లెక్క 35 వేలు. ఆసుపత్రి ఖర్చుకి మన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్‌కి వర్తిస్తుంది. ఏ ఆసుపత్రిలో దేనికి చెల్లుతుందో బయల్దేరే ముందే 104కి ఫోన్ చేసి కనుక్కోండి, అక్కడికెళ్లాక ముందు ఆ కౌంటర్ దగ్గరికే పోండి. పథకంలోకి రాని ఖర్చుకి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం రిలీఫ్ ఫండ్‌కి పెట్టుకోవచ్చు. రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలు, ఊరు కాని ఊళ్లో రూము అద్దె, తిండి, అసలు నలిగేది అక్కడే. తక్కువ అద్దె గదులు ఉన్నాయా అని ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని అడగండి.

ఇక చేయగలిగింది లేదని డాక్టర్లు చెప్పిన ఇళ్లకి పొడి వాళ్లు ఎక్కువగా చేరతారు. అలాంటప్పుడు మీరు అడగాల్సిన పదం పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, బాధ తగ్గించి చూసుకునే వైద్యం. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి, అనుమతి ఉన్న ఆసుపత్రుల్లో ఇస్తారు, 2014లో చట్టం మార్చి దాన్ని కొంత తేలిక చేశారు. నా షాపులో దొరకదు, అడిగి లాభం లేదు, ఆసుపత్రిలోనే అడగాలి. చిన్నమ్మ రెండేళ్ల నాలుగు నెలలు ఉంది, చివరి రెండు నెలలు నిద్రపోగలిగిందంటే ఆ మాత్రల వల్లే.

ఫిర్యాదు చేయాలనుకుంటే

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం. బోర్డు, కరపత్రం, వీడియో, ఏది ఉన్నా ఫోటో తీసి, స్క్రీన్‌షాట్ పెట్టుకుని, జిల్లాలో డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. మేం వెళ్లినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న "బిల్లు ఉందా, పొట్లం ఉందా" అని. బిల్లు ఎప్పుడూ ఇవ్వలేదు. పొట్లాలు పదకొండూ మా బాబాయి ఆ రాత్రే కోపంతో కాలవలో పారేశాడు. మీరు పారేయకండి, కవర్లో పెట్టి, తేదీ రాసి, పిల్లలకి అందకుండా బీరువాలో ఉంచండి.